మీటరు చూపని కిలోమీటర్లు

వర్క్‌షాపు వెనక గది
మార్చి 6

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఫోనులో అయితే నేను అరుస్తానని, ఇకమీదట కాగితం మీదే మాట్లాడుకుందామని రాశావు. సరే. కాగితం మీద కూడా అరవగలనని నీకు త్వరలోనే తెలుస్తుంది.

మీరు ఊరు మారి మూడు వారాలైంది. కొత్త ఆసుపత్రిలో డ్యూటీలు ఎలా ఉన్నాయి, బావకి ఆఫీసు దగ్గరా దూరమా, చంటిది కొత్త ఇంట్లో పడుకుంటోందా అని అడగాలి. అడిగాననుకో. బండి ఎలా ఉంది?

మర్చిపోయావేమో, మళ్ళీ చెబుతున్నాను. బోల్తా కొట్టి, కప్పు నలిగి మా షెడ్డు వెనక గడ్డిలో పడున్న ఆ ఏడు సీట్ల బండిని చూసి మా మేస్త్రి 'తుక్కు' అన్నాడు. ఏడు నెలల ఆదివారాలు దాని కింద వెల్లకిలా పడుకుని నేను దాన్ని లేపి నిలబెట్టాను. 'ఇంటిల్లిపాదీ ఒక్కసారే ఎక్కే బండి ఉంటే బాగుండురా' అని నువ్వు ఒక్క మాట అన్నావు. ఆ ఒక్క మాటకి. అందుకని అది మీ వాకిట్లో ఉన్నా నా బండే.

ఇవి గుర్తుపెట్టుకో. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. నాలుగు వీధులు తిరిగి వేడెక్కాక చూస్తే లెక్క తప్పుతుంది. అందరూ ఎక్కే రోజున వెనక టైర్లకి కొంచెం ఎక్కువ కొట్టించు, ఎంతో డ్రైవరు తలుపు అంచున చీటీ మీద ఉంది. పదివేల కిలోమీటర్లకోసారి ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి. రేడియేటర్లో కుళాయి నీళ్ళు వద్దు, కూలెంటే పోయాలి. ఇంజను వేడి మీద ఉండగా ఆ మూత జోలికి పోయావంటే నీ ఆసుపత్రిలో నీకే మంచం వేస్తారు. డీజిల్ ఫిల్టరు అడుగున చిన్న మర ఉంటుంది, నెలకోసారి అది వదులు చేసి చేరిన నీళ్ళు వదిలెయ్యాలి.

మొన్న చదివిన కరపత్రంలో ఒక వాక్యం కింద గీత గీశాను: 'తెలిసింది దాచుకునేవాడు దోచుకునేవాడికి తోబుట్టువు.' దాన్ని షెడ్డు గోడ మీద సుద్దతో రాశాను. మా మేస్త్రి గేరుబాక్సు విప్పేటప్పుడు మాకు వీపు చూపించి నిలబడతాడు, ఎక్కడ నేర్చేసుకుంటామో అని. ఆయన అది చదివి "అక్షరాలు గుండ్రంగా ఉన్నాయిరా. ఇప్పుడు తుడిచెయ్" అన్నాడు. నేను తుడవలేదు.

నన్నడక్కుండా ఎవరినీ ఆ బానెట్ ఎత్తనివ్వకు.

నీ తమ్ముడు

*

నర్సుల విశ్రాంతి గది
మార్చి 19

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. "మీ తమ్ముడు రాసింది నీకా, బండికా?" అన్నారు. "ఇద్దరికీ కలిపి, నన్ను కింద టైరు దగ్గర కూర్చోబెట్టి" అన్నాను.

కోప్పడకు, బానెట్ ఎత్తాం. మా మరిది ఎత్తాడు. పై వాటాలోనే ఉంటాడు కదా, కార్ల అలంకరణ సామాన్ల కొట్లో పని. నీ చిట్కాలన్నీ అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనక అంటించాడు. ప్రతి ఆదివారం బండి కడుగుతాడు. చంటిది వెనక సీట్లో కక్కుతోందని, తడిగుడ్డతో తుడిస్తే పోయే కవర్లు తొడిగాడు. వెనక చూపించే కెమెరా కూడా బిగించాడు. మొన్న బండి వెనక్కి తీస్తుంటే తెర మీద పక్కింటి పిల్ల మూడు చక్రాల సైకిలు కనబడింది. అద్దంలో అయితే కనబడేది కాదు. పావుగంట బండిలోనే కూర్చున్నాను.

ఆ అబ్బాయి చేతిలో ఏదో ఉందిరా. నీకు నచ్చుతాడు. వచ్చే వారం పొగమంచు లైట్లు వేస్తాడట.

వేళకి తిను. కరపత్రాలు తినకు.

అక్క

*

వర్క్‌షాపు వెనక గది
మార్చి 27

అక్కా,

సొమ్మొకడిది, సోకొకడిది.

నాకు నచ్చుతాడా? నాకు ఎవరు నచ్చాలో నువ్వు ఉత్తరంలో పెట్టి పంపుతావా? ఏడు నెలలు నా వీపుకి సిమెంటు నేల అచ్చు పడింది. వాడు ఒక ఆదివారం రెండు కవర్లు తొడిగాడు, 'చేతిలో ఏదో ఉంది'! ఉంటుంది, గుడ్డ ఉంటుంది. తళుకు అమ్మేవాడి చేతిలో తుడిచే గుడ్డ కాక ఇంకేం ఉంటుంది? ఇకనుంచి నా ఉత్తరాల్లో వాడి పేరు తళుకు.

పనిచేసే వస్తువుకి అలంకారం తగిలించి మనిషి కళ్ళు కప్పడం గురించి పదహారు పేజీల కరపత్రం ఉంది నా దగ్గర. పంపుతాను, వాణ్ణి చదవమను. చదవడం వస్తే.

కవర్లు సీటు పక్క కుట్ల మీద బిగుతుగా పట్టకుండా చూడు, లోపల గాలి సంచీలు ఉన్నాయి, గుద్దుకున్నప్పుడు అవి అక్కణ్ణుంచే విచ్చుకోవాలి. లైట్లు వేసేవాడు ఉన్న తీగ కోసి అతికించాడంటే వైరింగు మొత్తం కాలుతుంది. బ్యాటరీ నుంచి వేరే తీగ లాగాలి, మధ్యలో స్విచ్చు మీద భారం పడనివ్వని రిలే ఉండాలి, ఫ్యూజు ఉండాలి. తళుకుకి ఆ సంగతి తెలిసుండదు. కప్పు మీద సామాను స్టాండు పెడతానంటే ఒప్పుకోకు. అటకెక్కించిన బరువుకి బండి మలుపులో ఊగుతుంది.

కెమెరా మంచిదే. ఈ రెండు మాటలు రాయడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

చంటిది నన్ను అడుగుతోందా?

తమ్ముడు

*

ఇంటి వసారా
ఏప్రిల్ 30

చిన్నోడా,

ఆలస్యమైంది, వరసగా డ్యూటీలు. నీ కరపత్రం మా మరిది రెండుసార్లు చదివాడు. "ఇందులో మా ఓనరు గురించి ఉంది వదినా" అని కొట్టుకి తీసుకెళ్ళి తోటివాళ్ళకి కూడా చదివి వినిపించాడు. వాళ్ళ ఓనరు అడిగితే నీ పేరే చెబుతాడట, జాగ్రత్త.

లైట్లకి రిలే పెట్టాడు. ఫ్యూజు కూడా పెట్టాడు. నీ ఉత్తరం చేరకముందే. స్టాండు సంగతి నేను ఎత్తితే అతనే వద్దన్నాడు, బరువు కిందే ఉండాలన్నాడు. మీ బావ వెడల్పు టైర్లు కావాలని సరదా పడ్డారు. దానికీ ఒప్పుకోలేదు. "అన్నయ్యా, వదిన తమ్ముడు కొలిచి కట్టిన బండి ఇది. టైరు మారిస్తే మలుపులో లోపల రాసుకుంటుంది, స్పీడు తప్పు చూపిస్తుంది" అన్నాడు. మా పెళ్ళిలో తప్ప నిన్ను చూడకుండానే నీ పక్షాన మాట్లాడే మనిషిని నేను ఇతన్నే చూశాను.

చంటిది అడుగుతోంది. కానీ దాచడమెందుకు, ఇదివరకు వీధిలో అందరికీ 'మామయ్య బండి' అని చూపించేది కదా, నిన్న కొత్త పిల్లకి 'బాబాయ్ బండి' అని చెప్పింది. పిల్ల ముండ, ఎదురుగా ఎవరుంటే వాళ్ళదే బండి. మనసులో పెట్టుకోకు.

ఒక మాట అడగాలి. మీటరు యాభై ఎనిమిది వేలు చూపిస్తోంది. ఇంజనులో టైమింగ్ బెల్టు లక్ష కిలోమీటర్లకి మార్చాలని బండి పుస్తకంలో ఉందట. అంటే ఇంకా నలభై రెండు వేలు తిరగొచ్చు అని మా మరిది లెక్క. కానీ "కట్టినవాణ్ణి ఒకసారి అడుగు వదినా, ఆయన మాట నాకు ముఖ్యం" అన్నాడు. ఏమంటావు?

అక్క

*

వర్క్‌షాపు వెనక గది
మే 10

అక్కా,

పుస్తకంలో లక్ష అని ఉంటే లక్షే. పుస్తకాలు చదవగలిగినవాడు పక్కనే ఉండగా నేను చెప్పేదేముంది?

బ్రేకు నూనె రెండేళ్ళకోసారి మార్చాలి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. వైపర్ రబ్బర్లు వానలకి ముందే వెయ్యి.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

తమ్ముడు

*

వర్క్‌షాపు వెనక గది
మే 11

అక్కా,

ఇది డబ్బాలో వెయ్యడం లేదు. రాసి పరుపు కింద పెడతాను.

నిన్న రాసినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అంతకంటే పెద్ద మోసం నేనెప్పుడూ చెయ్యలేదు.

ఆ బండి బోల్తా కొట్టినప్పుడు మీటరు పగిలిపోయింది. అప్పటికి అరవై నాలుగు వేలు తిరిగింది. తుక్కు కొట్లో దొరికిన ఇంకో బండి మీటరు తెచ్చి వేశాను, దాని మీద ఇరవై ఒక్క వేలు ఉంది. అంటే మీటరు ఎంత చూపిస్తే దానికి నలభై మూడు వేలు కలుపుకోవాలి. మీటరు మార్చిన ప్రతిసారీ తేడా చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించడం మా షెడ్డు పద్ధతి. నేను అంటించలేదు. నా బండికి చీటీ ఏమిటి, నేనున్నాను కదా, సమయానికి బెల్టు నేనే మారుస్తాను అనుకున్నాను. మీరు ఊరు మారతారని ఎవరికి తెలుసు?

యాభై ఎనిమిదికి నలభై మూడు కలుపు. లక్ష దాటిపోయింది.

నువ్వు అడిగావు. ముక్కుసూటిగా అడిగావు. జవాబు రాయడానికి కూర్చున్నాను, 'బాబాయ్ బండి' కళ్ళముందు కదిలింది, కలం వంకర తిరిగింది. రాత్రింబగళ్ళు ఒకటే ఊహించుకుంటున్నాను. బండి ఏ వీధి చివరో టక్కున ఆగిపోతుంది. తళుకు బానెట్ ఎత్తి నోరు తెరుస్తాడు. నువ్వు నాకు ఫోను చేస్తావు. నేను పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బస్సు దిగుతాను. చంటిది పరుగెత్తుకొస్తుంది.

బెల్టు తెగితే ఇంజను లోపల వాల్వులు పిస్టన్లకి గుద్దుకుంటాయి. నేను ఒక్కొక్కటే కూర్చిందంతా పిండి అవుతుంది. ఆ సంగతి తెలుసు. అయినా సరే అనిపిస్తోంది. ఈ 'అయినా సరే' ఏ కరపత్రంలోనూ చదవలేదు, నాలోంచే వచ్చింది.

గోడ మీద సుద్ద రాత పొద్దున నేనే తుడిచేశాను. మేస్త్రి నవ్వాడు.

ఇంకో వారం చూసి రాస్తాను. బెల్టు అంత త్వరగా తెగదు. చాలామంది లక్షా పదివేల దాకా లాగుతారు.

*

నర్సుల విశ్రాంతి గది
జూన్ 21

చిన్నోడా,

నలభై రోజులైంది నీ దగ్గర్నుంచి ముక్క లేదు. అలిగావని తెలుసు. అలక తీరేలా ఒక కబురు.

శనివారం తెల్లవారగానే కొండమీద ఊరికి వెళుతున్నాం, నాలుగు రోజులు. అత్తయ్య, మామయ్య, బావ, చంటిది, నేను, మా మరిది. ఆరుగురం ఒకే బండిలో! నేను కోరుకున్నది ఇదే కదరా, నువ్వు ఇచ్చింది ఇదే. పద్దెనిమిది మలుపులట. మామయ్యకి కళ్ళు తిరుగుతాయని ముందు సీటు ఆయనకి. చంటిది మధ్య వరసలో, దాని సీటు మా మరిది బెల్టుతో బిగించి రెండు చేతులా లాగి చూశాడు. బండి నడిపేది కూడా అతనే.

మీటరు అరవై ఒక్క వేలు దాటింది. టైర్లు, బ్రేకులు, కూలెంటు అన్నీ నీ అట్ట చూసి సరిచేశాడు. బెల్టు గురించి నువ్వు భయం లేదన్నావు కాబట్టి ముట్టుకోలేదు.

వచ్చాక వివరంగా రాస్తాను.

అక్క

*

ఇంటి వసారా
జూలై 1

చిన్నోడా,

మేం క్షేమం. ఈ మాట ఎందుకు ముందు రాశానో చదివితే తెలుస్తుంది.

శనివారం బయలుదేరలేదు. గురువారం సాయంత్రం మా మరిది కొట్టు నుంచి తిన్నగా బండి దగ్గరికే వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "వదినా, ఈ మీటరు ఈ బండిది కాదని నా అనుమానం. పెడళ్ళ మీద రబ్బరు చూడు, ఎంత అరిగిందో. అరవై వేలకి ఇంత అరగదు" అన్నాడు. మర్నాడు సెలవు పెట్టి, తెలిసిన మెకానిక్కు దగ్గర బెల్టు మూత విప్పించాడు. బెల్టు అంచు పీచులు లేచింది, మూడు చోట్ల నెర్రెలు. ఆ మెకానిక్కు దాన్ని వేళ్ళ మధ్య వంచి చూపించి ఏమన్నాడో తెలుసా? "అమ్మా, ఇది కొండ ఎక్కేదేమో గానీ దిగేది కాదు." దిగేటప్పుడు ఇంజను ఆగిపోతే స్టీరింగు బరువెక్కుతుందట, బ్రేకు రాయిలా అవుతుందట. మలుపులో, ఆరుగురితో. చంటిదాన్ని ఎత్తుకున్నాను, మళ్ళీ దించలేదు.

బెల్టుతో పాటు దాని బేరింగు, వాటర్ పంపు కూడా మార్పించాడు, మళ్ళీ మళ్ళీ విప్పడం ఎందుకని. ఎంత ముందుచూపురా! ఆదివారం బయలుదేరి నిన్న వచ్చాం.

నువ్వేం బాధపడకు. ఆ బండిని మీ షెడ్డుకి అమ్మినవాడు మీటరు మార్చి అంటగట్టి ఉంటాడు, నీకెలా తెలుస్తుంది? కానీ ఒక్క మాట, ఏమీ అనుకోకు. పెడలు రబ్బరు చూసి అంత దూరం ఆలోచించాడంటే, అలాంటి కన్ను నీకు కూడా రావాలి. చూసి నేర్చుకో. మా ప్రాణాలు నిలబెట్టాడు.

అక్క

*

వర్క్‌షాపు వెనక గది
జూలై 6

అక్కా,

ఆ పెడళ్ళ రబ్బర్లు కొత్తవి. మీరు ఊరు మారేముందు నేనే వేశాను. వాటిని చూసి ఈ లోకంలో ఎవరికీ ఏ అనుమానమూ రాదు.

దీంతో పాటు మే 11న రాసి దాచిన కాగితం కూడా పెడుతున్నాను. ముందు అది చదువు, తర్వాత ఇది.

చదివావా? ఇక విను. జూన్ 25, గురువారం మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది. 'పద్దెనిమిది మలుపులు' దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. నా ఊహల్లో ఆ బండి ఎప్పుడూ వీధి చివరే ఆగింది. కొండ మీద ఆగలేదు. అందులో చంటిది ఎప్పుడూ లేదు, అది నా వైపు పరుగెత్తుకొస్తూ ఉండేది. నీకు ఏడుసార్లు ఫోను చేశాను, స్విచాఫ్ అంది, డ్యూటీ వేళ ఆపి ఆసుపత్రి లాకర్లో పెట్టి ఉంటావు. బావకి చేస్తే మీటింగులో ఉన్నానని కట్ చేశారు. మిగిలింది ఒక్కడు. కొట్టు నంబరు వెతికి వాడికి చేశాను.

"ఎవరండీ?"

"నేను. వదిన తమ్ముణ్ణి."

"బావా! ఇన్నాళ్ళకి..."

"నన్ను బావా అనొద్దు. బండి కదపొద్దు. మీటరు మీద ఉన్నదానికి నలభై మూడు వేలు కలుపు."

అవతల ఎవరో హారన్లు బేరమాడుతూ ఒక్కొక్కటే మోగించి చూస్తున్నారు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ."

"వదిన రాసి అడిగింది కదా?"

"అడిగింది."

"మరి?"

"చెప్పలేదు."

"ఎందుకండీ?"

"నువ్వున్నావని."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని ఫోను చెవికి అదిమి పట్టుకున్నాను, తిరిగి తిట్టడానికి నా దగ్గర బోలెడు సరుకు ఉంది. వాడు "బెల్టు నంబరు చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు. చెప్పాను. బేరింగు, వాటర్ పంపు కూడా మార్చమని చెప్పాను. (ఆ ముందుచూపు నాది, అక్కా. కనీసం అది నాది.) మర్నాడు మెకానిక్కు మూత విప్పాక రెండు గంటలు ఫోనులో ఉండి, పళ్ళ చక్రాల మీద ఏ గుర్తు ఏ గుర్తుకి ఎదురుగా రావాలో చెప్పాను. అరవలేదు. కావాలంటే వాణ్ణి అడుగు.

చివర్లో వాడే అన్నాడు, "వదినకి ఈ సంగతి చెప్పనులెండి. మీ ఉత్తరం వస్తే వదిన రెండు రోజులు హుషారుగా ఉంటుంది. మా ఇల్లంతా దానికి అలవాటు పడింది." నేను సరేనన్నాను. తేలు కుట్టిన దొంగలా గమ్మున ఉన్నాను. పదకొండు రోజులు ఉన్నాను, ఉండిపోయేవాణ్ణి కూడా.

నిజాయితీ పుట్టుకొచ్చి ఇదంతా రాస్తున్నానని చెప్పుకుందామనుకున్నాను. మొదలుపెట్టిన మూడు కాగితాల్లో అలాగే రాసి చించేశాను. 'చూసి నేర్చుకో' అన్నావు చూడు, అక్కడ నా కడుపు మండింది. నా పాపం కప్పిపుచ్చడానికి వాడు ఆడిన అబద్ధానికి నువ్వు వాణ్ణి ఆకాశానికెత్తావు. అది ఓర్వలేక చెబుతున్నాను. నిజం చెప్పించడానికి కూడా నాకు అసూయే కావలసివచ్చింది. నా పెట్టెలో నలభై కరపత్రాలున్నాయి, ఒక్కటీ ఆ పని చెయ్యలేకపోయింది.

మీ ప్రాణాలు నిలబెట్టింది వాడే. నేను చెప్పకపోతే వాడికి తెలిసేది కాదు, నిజమే. కానీ నేను మొదటే చెప్పి ఉంటే నిలబెట్టవలసిన అవసరమే వచ్చేది కాదు. ఎటు తిప్పినా లెక్క నా మీదికే వస్తోంది.

కొత్త బెల్టు వేసినప్పటి మీటరు అంకె, కలపవలసిన నలభై మూడు వేలు, తేదీ, మూడూ చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించమని వాడికి చెప్పు. నా బుర్రని ఎవరూ నమ్మకూడదు.

నువ్వు ఏం అనాలనుకుంటే అది అను. రాయడం మాత్రం మానకు.

తమ్ముడు

*

ఇంటి వసారా
జూలై 12

తమ్ముడికి,

రెండు కాగితాలూ చదివాను. బావకి చూపించలేదు. మా మరిదికి చూపించాను. "చెప్పేశాడా?" అన్నాడు. పెడళ్ళ రబ్బరు సంగతి దగ్గర మాత్రం సిగ్గుపడి, ఇంకేదైనా చెప్పి ఉండాల్సింది అన్నాడు. అతని మీద కూడా కోపంగానే ఉంది నాకు. నా పిల్ల ప్రాణం సంగతి మీరిద్దరూ కలిసి నా దగ్గర దాచారు. ఒకడు పగతో, ఒకడు మంచితనంతో.

ఆసుపత్రిలో రోజూ చూస్తుంటాను. తెలిసీ చెప్పకపోవడం వల్ల చేయిదాటిపోయినవాళ్ళని. వాళ్ళ మంచాల పక్కన నిలబడ్డ చుట్టాల ముఖాలు నాకు తెలుసు. ఆ ముఖం నీకు రాబోయి తప్పింది. అది తలుచుకుంటే నీ మీద జాలి వేస్తోంది, తలుచుకోవడం ఆపగానే చెంప పగలగొట్టాలనిపిస్తోంది.

మే 10 నుంచి జూన్ 25 దాకా నలభై ఆరు రోజులు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. నలభై ఆరు రోజులు నువ్వు అన్నం తిన్నావు, పడుకున్నావు, లేచావు, నాకు చెప్పలేదు. రేపటి నుంచి నలభై ఆరు రోజులు నేనూ నీకు రాయను. నువ్వు రాస్తే విప్పను. ఎలా ఉంటుందో చూడు.

నలభై ఏడో రోజు ఆగస్టు 28, శుక్రవారం. పొద్దున బస్సుకి రా. బస్టాండుకి మా మరిది బండి తెస్తాడు, నేను రాను, బావ రారు, చంటిదాన్ని పంపను. అక్కణ్ణుంచి ఇంటికి నలభై నిమిషాలు. వెనక సీట్లోకి దూరకు. ముందు, అతని పక్కన కూర్చో.

అక్క